నలుగురుంటే బస్సు వస్తుంది

బడి వంటపాత్రలు ఆటో ఎక్కిన రోజు పొద్దున్నే మా అప్ప ఫోన్ చేసింది.

"బేగొచ్చీరా. బడి ఎత్తుకుపోతన్నారు" అంది.

అక్కను మేము అప్ప అనే పిలుస్తాం. ఆమె ఊరు శ్రీకూర్మం వెళ్లే రోడ్డు మీంచి లోపలికి దిగితే వస్తుంది. శ్రీకాకుళం నుంచి స్కూటర్ మీద నేను వెళ్లేసరికి ప్రాథమిక పాఠశాల ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. అన్నం వండే గుండిగ, పప్పు గిన్నె, గ్యాస్ పొయ్యి, పిల్లల పళ్లేల దొంతర ఒక్కొక్కటీ అప్పే మోసుకొచ్చి ఎక్కిస్తోంది. ఎవరినీ చెయ్యి వేయనివ్వడం లేదు. ఆ రోజు వంట లేదు. అయినా పాత్రలన్నీ తోమి ఉన్నాయి, గుండిగ అడుగున మసి కూడా లేదు.

"ఎందుకప్పా అంత కష్టం, ఎలాగూ వాళ్లు తోముకుంటారు కదా" అన్నాను.

"ఒకరింటికెల్లే సామాను మసితో ఎల్తాదేట్రా?" అంది.

ఆటో కుర్రాడు ఆ ఊరివాడే. వాడూ చిన్నప్పుడు ఈ బడిలో ఆమె వండిన అన్నం తిన్నవాడే. "ఏటి పెద్దమ్మా, కొత్త కాపురమేటి? సామానంతా ఎక్కించేత్తన్నావు" అన్నాడు నవ్వుతూ.

"నీ కాపురం సూసుకోరా ముందల. ఆ గుండిగకి సొట్టపడిందంటే నీ బుర్రకి సొట్టపడతాది."

వాడు నవ్వాడు. అప్ప నవ్వలేదు.

టీచరు బయట నిలబడి ఉంది. ఆ బడికి ఆమె ఒక్కతే టీచరు. పిల్లల సంఖ్య చాలనందున ఈ బడిని మెయిన్ రోడ్డు అవతలి ఊరి బడిలో కలిపారు. ఆర్డరు ఫోన్లో చూపించింది. మిగిలిన కొద్దిమంది పిల్లలూ సంచులు తగిలించుకుని ఆటో వైపు చూస్తున్నారు. వాళ్లకి అదంతా వేడుకగా ఉన్నట్టుంది.

"నువ్వు పేపరోడివి కదరా, ఒక మాట సెప్పు ఆవిడికి" అంది అప్ప. నేను రిటైరై చాలా కాలమైందని ఆమెకు తెలుసు. ఆర్డరు ఇచ్చినది టీచరు కాదనీ తెలుసు. అయినా నేను ఆ ఆర్డరును మొదటినుంచి చివరిదాకా చదివాను. చదివి ఫోను తిరిగి ఇచ్చేశాను.

ఆటో వెళ్లిపోయాక వంటగది గుమ్మంలో కూర్చుని అప్ప అన్న మాట ఇదీ: "పిల్లలు లేరని బడి ఎత్తీసినారు. ఆ పిల్లల్ని ఎత్తీసినది నానే."

ఆమె అలా ఎందుకన్నదో చెప్పాలంటే, అంతకు ముందటి ఏడాది వేసవికి వెళ్లాలి.

మా బావ పోయాక అప్ప కొన్నాళ్లు కూలికి వెళ్లింది. తర్వాత మహిళా సంఘం తరఫున బడిలో మధ్యాహ్న భోజనం వండే పని వచ్చింది. జీతం అనరు దాన్ని, గౌరవ వేతనం అంటారు. అది నెలనెలా రాదు, రెండు మూడు నెలలకోసారి కలిపి పడుతుంది. అయినా ఆ పని అంటే ఆమెకు గర్వం. గుడ్డు పొట్టు తీసి, మధ్యకి గాటు పెట్టి, పిల్లల ముందు తానే వడ్డిస్తుంది. మనవరాలు ఒకటో తరగతి ఆ బడిలోనే చదివింది. పళ్లెం పట్టుకుని వరసలో నిలబడితే అందరికీ పడినంతే పడేది, మెతుకు ఎక్కువ పడేది కాదు. "నాన్నమ్మా, ఇంకొంచెం" అంటే "ఇంటికాడ నాన్నమ్మని, ఇక్కడ కాదు" అనేది. పిల్ల మూతి ముడుచుకుని వెళ్లి కూర్చునేది.

అప్ప కొడుకు రాడ్ బెండింగ్ పని చేస్తాడు. భోగాపురం విమానాశ్రయం పని మొదలయ్యాక అక్కడే ఉండి ఆదివారాలు ఇంటికి వస్తున్నాడు. ఇంట్లో అప్ప, కోడలు, ఆ పిల్ల. పిల్లను కాన్వెంటులో వెయ్యాలన్నది కోడలి కోరిక. మా వైపు ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి ఏదైనా కాన్వెంటే.

ఒకసారి నేను వెళ్లినప్పుడు ఆ అమ్మాయి నన్నే అడిగింది. "మావా, మీరే సెప్పండి. బళ్లో ఒక్క టీచరమ్మే. మీటింగంటే ఎల్లిపోతాది, సెలవంటే ఎల్లిపోతాది. అయిదు తరగతులూ ఒక్క గదిలోనే కూకుంటారు. నా కూతురు కూడా నాలాగ ఉపాధి పనికే ఎల్లాలేటి?"

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మా పిల్లలు కూడా పట్నంలో ప్రైవేటు బడిలోనే చదివారు.

పత్రికలో జిల్లా పేజీ చూసిన రోజుల్లో ప్రతి జూన్‌లో మేము తప్పకుండా ఒక వార్త వేసేవాళ్లం. దాని పక్కన గీతల మధ్య ఒక పెట్టె కట్టేవాళ్లం. పెట్టెలో ఎడమవైపు ప్రభుత్వ బడి: పుస్తకాలు ఉచితం, సంచి, బూట్లు, యూనిఫాం గుడ్డ ఉచితం, భోజనం ఉచితం, కుట్టుకూలి మాత్రమే ఖర్చు. కుడివైపు ప్రైవేటు బడి: ప్రవేశ రుసుము, టర్ము ఫీజు, బస్సు, పుస్తకాలు, టై, బెల్టు. కుడివైపు కింద మొత్తం వేసి, పక్కన స్కూటర్ మీద నలుగురు పిల్లల ఫొటో పెట్టేవాళ్లం. అంకెలు మారేవి, వార్త మారేది కాదు. ఏ ఏడూ ఆ పెట్టె చూసి ఎవరూ ఎడమవైపుకి వెళ్లిన దాఖలా నాకు కనబడలేదు.

అప్ప ఆ పెట్టెను తన పద్ధతిలో పూరించింది. బడి ఆమెకు వంట చేసినందుకు ఏడాదికి ఇచ్చేదీ, కాన్వెంటు ఫీజూ బస్సూ కలిపి అడిగేదీ దాదాపు సమానం. "ఈ బడి ఇచ్చినది ఆ బడికి కట్టేత్తాను. నా సేతికి వచ్చినట్టూ కాదు, పోయినట్టూ కాదు" అంది. పుస్తకాలకీ బట్టలకీ ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసే డబ్బు ఉంది. అది పిల్ల ఏ బడిలో చదివినా పడుతుంది. ఇక కొడుకు కూలి ఇంటికి. వినడానికి అందులో లోపమేమీ లేదు.

ఏప్రిల్‌లో కాన్వెంటు మనిషి ఇంటింటికీ కాగితాలు పంచుతూ వచ్చాడు. అప్ప అతన్ని నీడలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. అన్నీ కుదిరాయిగానీ బస్సు దగ్గర చిక్కు వచ్చింది.

"బస్సు ఊళ్లోకి రాదమ్మా. మెయిన్ రోడ్డు మీద నిలబడాలి."

"ఆ రోడ్డు మీదేటి? ఇసక ట్రాక్టర్లు ఎలగెల్తాయో తెలీదేటి నీకు? సిన్న గుంట, ఆడపిల్ల, ఎలా నిలబడతాది?"

"ఒక్క పాపకోసం లోపలికొస్తే డీజిలు గిట్టదమ్మా. నలుగురుంటే బస్సు మీ గుమ్మం ముందుకే వస్తాది. ఇంకో ముగ్గుర్ని సూడండి."

అతను మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే అప్ప ముగ్గురిని చూడటానికి బయల్దేరింది.

ఎవరింటికెళ్లినా ఆమె మాటకు విలువ ఉంది. ఆ పిల్లలు ఎప్పుడు జ్వరంతో బడికి వచ్చారో, ఎవడు గుడ్డు తినడో, ఎవడు పక్కవాడిది కూడా తింటాడో ఆమెకు తెలుసు. "మీ గుంటడు నా సేతి అన్నం తిన్నాడు. వాడికి సెడు సేత్తానేటి? నా మనవరాలితోపాటే ఎల్తాడు, ఆ గుంటతోపాటే వస్తాడు" అని చెప్పింది. రెండు ఇళ్లవాళ్లు వెంటనే సరే అన్నారు.

మూడో ఇల్లు అప్ప ఈడు మనిషిది, ఇద్దరూ కలిసి నాట్లకెళ్లినవాళ్లు. ఆవిడ మాత్రం వేళాకోళం చేసింది. "ఒసే, నీ బడిని నువ్వే కాళీ సేసేత్తన్నావేటే? రేపు ఎవరికి వొండుతావు, కాకులకా?"

"నలుగురు పోతే మూసేత్తారేటే? బడంటే గవర్మెంటుది. గవర్మెంటు ఎక్కడికి పోతాది?"

ఆవిడ కూడా మనవడిని పంపింది. నలుగురయ్యారు.

జూన్‌లో పసుపుపచ్చ బస్సు ఊళ్లోకి వచ్చిన మొదటి రోజు నేను లేను. తర్వాత అప్ప చెప్పింది. బస్సు తిరగడానికి చోటు లేక డ్రైవరు వెనక్కి తీస్తుంటే సగం ఊరు "రానీ, రానీ" అని చేతులూపిందట. మనవరాలు టై కట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని వెనక్కి చూడనైనా లేదట. బస్సు మలుపు తిరిగేదాకా చూసి అప్ప బడికి వెళ్లి పొయ్యి వెలిగించింది. బియ్యం కొలుస్తూ ఉంటే టీచరు వచ్చి గుమ్మంలో నిలబడింది. బడి తెరవకముందు ఆవిడా ఇంటింటికీ తిరిగింది పిల్లల కోసం. ఆ ఇళ్లలో అప్ప అప్పటికే మాట తీసుకుని ఉంది.

"అమ్మా, నువ్వే ఇలా చేస్తే ఎలా అమ్మా?" అందట టీచరు.

"మీ బాబు ఏ బళ్లో సదూతన్నాడు, టీచరమ్మా?" అందట అప్ప.

టీచరు, కొలిచిన బియ్యంలోంచి నలుగురి వాటా వెనక్కి తీయించి లోపలికి వెళ్లిందట. "అనకుండా ఉండాల్సింది తమ్ముడా. ఆవిడ మంచిది. నెలలో ఒకసారైనా సొంత డబ్బులతో కూరలు కొనేది" అంది అప్ప.

ఆ ఏడాది పిల్ల బాగానే చదివింది. ఒక సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గర ఆగి "మే ఐ కమిన్" అంది. అప్పకి అర్థం కాక కోడలి వైపు చూసింది. "లోపలికి రావొచ్చా అనడుగుతన్నాది అత్తా." "ఓలమ్మో! మనింట్లోకి మనం రావడానికి ఎవర్నడగాలే?" అని అప్ప కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత నేను వెళ్లినా, ఇంకెవరు వెళ్లినా, పిల్లను బయటికి పంపి మళ్లీ అడుగుతూ లోపలికి రమ్మనేది. బస్సులో పిల్లలు మీ నాన్నమ్మ ఏం చేస్తుందని అడిగితే పిల్ల "బళ్లో పని సేస్తాది" అని చెప్పిందట. వాళ్లంతా టీచరనుకున్నారట. ఆ సంగతి చెప్పుకుని కూడా నవ్వింది.

పెట్టెలో లేని ఖర్చులు ఒక్కొక్కటే వచ్చాయి. హోంవర్కు ఫోన్లో వస్తుంది కాబట్టి కోడలి ఫోన్లో రీచార్జి ఎప్పుడూ ఉండాలి. ఇంగ్లీషులో వచ్చిన హోంవర్కు తల్లికి అర్థం కాదు కాబట్టి సాయంత్రం ట్యూషను. వారానికొకరోజు రంగు టీషర్టు, తెల్ల బూట్లు. వార్షికోత్సవానికి సీతాకోకచిలుక వేషం. పక్క పిల్లలు బిస్కెట్లు తెస్తే ఈ పిల్ల తెచ్చుకోవాలి. బడిలో ఉన్నప్పుడు మధ్యాహ్నం వేడన్నం ఉండేది, ఇప్పుడు పొద్దున్నే కేరియరు కట్టాలి. అందరి పిల్లలకీ వేడిగా వడ్డించి వచ్చిన అప్పకి, సాయంత్రం ఆ కేరియరు కడుగుతున్నప్పుడు అడుగున ఎండిపోయిన అన్నం కనబడేది. దాని గురించి ఆమె కోడలితో ఏమీ అనలేదు. నాతో అంది.

ఆ మరుసటి జూన్‌లోనే ఆటో వచ్చింది.

అవతలి ఊరి బడికి వంటమనిషి ముందే ఉంది. ఆవిడా అప్పలాంటిదే, ఆవిడదీ సంఘం పనే. ఇద్దరిలో ఒకరికే చోటు. వెళ్లి అడగమని నేను చెబితే, "దాని నోటికాడ కూడు లాగుతానేట్రా?" అంది అప్ప. అడగలేదు.

దానితో ఆమె లెక్కలో ఎడమ పక్క పూర్తిగా చెరిగిపోయింది. ఇక అంతా కొడుకు కూలి మీద పడింది. భోగాపురంలో తన కాంట్రాక్టరు కింద పని తగ్గిపోయిందనీ, వారంలో సగం రోజులే పిలుస్తున్నారనీ అతను చెప్పాడు. "ఈ ఒక్క ఏడూ లాగించీయమ్మా" అనేవాడు. ఆ లాగించేది దేనితోనో ఇద్దరికీ తెలియదు. దసరా నాటికి ఆ నలుగురిలో ఇద్దరు మానేశారు. ఒకరి తండ్రి కుటుంబాన్ని తీసుకుని చెన్నై పనికి వెళ్లిపోయాడు, ఇంకొకరు ఫీజు కట్టలేక మానేశారు. దసరా సెలవులు అయిపోయాక బస్సు ఊళ్లోకి రావడం మానేసింది. ఇద్దరి కోసం డీజిలు గిట్టదని డ్రైవరు చెప్పాడు. అందులో అతని తప్పు లేదు.

అప్ప ఏ రోడ్డుకి భయపడి ఇల్లిల్లూ తిరిగిందో ఆ రోడ్డు మీదే మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడటం మొదలుపెట్టింది. కొన్నాళ్లకి రెండో టర్ము పరీక్షలు వచ్చాయి. ఫీజు కట్టనివాళ్లను పరీక్ష గదిలోకి పంపకుండా ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చోబెట్టారు. పిల్ల ఇంటికొచ్చి ఏడవలేదు. "నాకు ఎగ్జామ్ లేదంట" అంది. సెలవిచ్చారనుకుంది కాబోలు. ఆ మాట విని కోడలు లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మర్నాటి నుంచి పిల్లను పంపలేదు.

టీసీ కోసం ఒక సోమవారం కొడుకుతోపాటు నేనూ కాన్వెంటు ఆఫీసుకి వెళ్లాను. బల్ల దగ్గర ఒక అమ్మాయి ఉంది, డిగ్రీ చదివినట్టుంది. బకాయి టర్ము ఫీజుతోపాటు ఏడాది బస్సు ఫీజూ కట్టాలని చెప్పింది.

"రాని బస్సుకి డబ్బులేటమ్మా? ఊళ్లోకి వస్తాదనే కదా మా యమ్మ నలుగుర్ని పోగుసేసినాది" అన్నాడు కొడుకు.

"మెయిన్ రోడ్డు వరకు వచ్చింది కదండీ. మధ్యలో మానేసినా బస్సు ఏడాదికే."

"టర్ము ఫీజు ఎలాగోలా కడతాను. బస్సుది మాత్రం కట్టను. కూలోడినని నన్ను ఎర్రోడ్ని సేత్తన్నారేటి?"

ఆ అమ్మాయి నా వైపు చూసి గొంతు తగ్గించింది. "సార్, నా చేతిలో ఏముంది సార్? టీసీ ఇచ్చేస్తే నా జీతంలో కోస్తారు." ఆమె జీతం ఎంతో నేను అడగలేదు. బడి నడిపే కరెస్పాండెంటును కలుస్తానంటే ఊళ్లో లేరంది. తర్వాత ఫోన్లో ఆయన నాతో చాలా మర్యాదగా మాట్లాడాడు. ఒకరికి వదిలేస్తే అందరికీ వదిలెయ్యాలి, బస్సు వాయిదాలు తనకీ ఉన్నాయి అన్నాడు. ఆయన చెప్పినదాంట్లోనూ అబద్ధం లేదు.

టీసీ లేకపోయినా ప్రభుత్వ బడిలో చేర్చుకోవాలన్న నిబంధన ఉంది. అవతలి ఊరి బడిలో చేర్చుకున్నారు కూడా. పాత టీచరే ఇప్పుడు అక్కడ పనిచేస్తోంది. పిల్లను చూసి "రా అమ్మా" అందట. కానీ ఆన్‌లైన్‌లో పేరు పాత బడి వదిలితేనే కొత్త బడికి మారుతుంది. ఆ పేరు వదలడం కాన్వెంటు చేతిలో ఉంది.

వేసవి సెలవులు దాటి పిల్ల నాలుగులోకి వచ్చాక, ఇటీవల నేను ఆ బడికి వెళ్లాను. అప్ప పొద్దున్నే మనవరాలిని రోడ్డు దాటించి తీసుకెళుతుంది. తిరిగి వెళ్లి మళ్లీ రావడం ఎందుకని సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. నేను వెళ్లేసరికి వంటగది బయట కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. జీతం లేదు. లోపల పొయ్యి మీద ఉన్నది ఆమె తోమి పంపిన గుండిగే.

"సొట్ట పడినాది సూసినావా?" అంది నాతో, మెల్లగా.

లోపలున్న వంటమనిషికి వినబడింది. "మీ యప్పకి ఆ గుండిగ మీదే కన్ను బాబూ. కూతుర్ని అత్తోరింటికి పంపినట్టు రోజూ వచ్చి సూసుకుంటాది" అంది.

"నువ్వు బాగా సూసుకుంటే నాకేటి పని?" అంది అప్ప, బియ్యం మీంచి కళ్లెత్తకుండా.

గంట కొట్టారు. పిల్లలు పళ్లేలతో వరస కట్టారు. మనవరాలు కాన్వెంటు చొక్కాతోనే ఉంది, టై లేదు. బడి తెరిచినప్పుడు పంచిన సంచీ, బూట్లు, యూనిఫాం పేర్ల ప్రకారం వచ్చాయి కాబట్టి ఈమెకు రాలేదు. భోజనానికీ ఆ పేర్ల ప్రకారమే బియ్యం, గుడ్లు లెక్క. ఈ పిల్ల ఆ లెక్కలో లేదు. వంటమనిషి మాత్రం "ఒక గుంటకి అన్నం తక్కువవుతాదేటి" అని అందరితోపాటే వడ్డిస్తుంది. గుడ్డు మాత్రం ఎవరైనా రాని రోజునే. ఆ రోజు అందరూ వచ్చారు. పిల్ల పళ్లెం పట్టుకుని వచ్చి నాన్నమ్మ పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఇంకొంచెం అని అడగలేదు. అప్ప ఆ పళ్లెం వైపు ఒకసారి చూసి మళ్లీ చేటలోకి వంగింది.

మా మేనల్లుడు టర్ము ఫీజు సగం కట్టాడు. బస్సు ఫీజు దగ్గర అతనూ తగ్గలేదు, వాళ్లూ తగ్గలేదు. ఇది రాసే రోజుకి టీసీ రాలేదు. పిల్ల రోజూ అవతలి ఊరి బడిలో నాలుగో తరగతిలో కూర్చుంటోంది. ఆన్‌లైన్‌లో మాత్రం ఇంకా కాన్వెంటు మూడో తరగతిలోనే ఉంది.